“ఒక్కసారిగా యంత్రం స్టార్ట్ కావడంతో…”: ఆపేసిన యంత్రం మనిషినెలా గాయపరుస్తుంది?

కర్మాగారాల్లో మరమ్మతు పనుల వేళ జరిగే ప్రమాదాల వార్తల్లో ఒక వాక్యం దాదాపు ప్రతిసారీ కనిపిస్తుంది: “మరమ్మతు చేస్తుండగా ఒక్కసారిగా యంత్రం స్టార్ట్ కావడంతో…” చదివేవాళ్లకు అది విధి ఆడిన ఆటలా అనిపిస్తుంది. కానీ యంత్రానికి బుద్ధి పుట్టి కదలదు. కదిలిందంటే ఎక్కడో శక్తి మిగిలి ఉంది, దానికి దారి తెరిచి ఉంది, ఆ సంగతి లోపల చెయ్యి పెట్టిన మనిషికి తెలియదు. ఆ ‘ఒక్కసారిగా’ అనే మాట ఈ మూడింటినీ కప్పేస్తుంది.

యూరప్‌లో పనిచోట జరిగే ప్రాణాంతక ప్రమాదాల్లో 10 నుంచి 15 శాతం దాకా మరమ్మతు, నిర్వహణ పనులతో ముడిపడినవేనని అక్కడి వృత్తి భద్రతా సంస్థ అంచనా. ఈ పనుల్లో ఉన్న చిక్కు తేలిగ్గానే అర్థమవుతుంది. ఉత్పత్తి నడిచేటప్పుడు మనిషికీ యంత్రానికీ మధ్య గార్డులు (కదిలే భాగాలకు వేసే కవచాలు), తలుపులు, సెన్సర్లు ఉంటాయి. మరమ్మతుకొచ్చినవాడు మొదట చేసే పని వాటిని విప్పడమే.

ఆపడం వేరు, విడదీయడం వేరు

స్టాప్ బటన్ నొక్కితే నిజంగా ఏం జరుగుతుంది? కంట్రోల్ సర్క్యూట్ తెగుతుంది. కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్‌లోని కాయిల్‌కు కరెంటు పోతుంది. స్ప్రింగ్ తోసి లోపలి కాంటాక్టులు విడిపోతాయి, మోటరు ఆగుతుంది. కానీ అసలు సప్లై కాంటాక్టర్ దాకా వచ్చి గుమ్మంలో నిలబడే ఉంటుంది. తలుపు దగ్గరగా వేశారంతే, గడియ పెట్టలేదు.

ఆ తలుపు తెరుచుకోవడానికి చాలా దారులున్నాయి. మరో చోటున్న ప్యానెల్ నుంచి ఇంకొకరు స్టార్ట్ నొక్కవచ్చు. ఆటో మోడ్‌లో ఉన్న యంత్రం అట్టపెట్టె ఇరుక్కుని ఆగిపోయిందనుకోండి. దాన్ని లాగేయగానే సెన్సర్ ముందు అడ్డు తొలగి, యంత్రాన్ని నడిపే చిన్న కంప్యూటర్, అంటే పీఎల్‌సీ, ‘అంతా బాగుంది’ అనుకుని తర్వాతి స్టెప్‌కు వెళ్లవచ్చు. అంటే స్టార్ట్ చేసింది లోపలున్న మనిషి చెయ్యే. పాతబడిన కాంటాక్టర్‌లో కాంటాక్టులు కరిగి అతుక్కుపోతే అది అసలు విడిపోకపోవచ్చు. ఎమర్జెన్సీ స్టాప్ బటన్ సంగతీ అంతే. అది ప్రమాదంలో వెంటనే ఆపడానికి పెట్టినది. దాన్ని నొక్కేసి లోపలికి దిగే అలవాటు చాలాచోట్ల ఉంది గానీ, ఎవరైనా తిప్పి వదిలేస్తే రక్షణ ముగిసినట్లే.

యంత్రాన్ని సప్లై నుంచి భౌతికంగా వేరు చేయడాన్ని ఐసొలేషన్ అంటారు. ఐసొలేటర్ హ్యాండిల్ ఆఫ్ చేయడం, బ్రేకర్‌ను ప్యానెల్ నుంచి బయటికి లాగడం, పైపులో వాల్వ్ మూసి ఫ్లాంజ్‌ల (పైపులు కలిసేచోటి పళ్లేల) మధ్య రంధ్రం లేని బ్లైండ్ ప్లేటు దించడం ఇందులోకి వస్తాయి. అలా వేరు చేసినదాన్ని మళ్లీ ఎవరూ కలపకుండా తాళం వేయడం లాకౌట్. ఎవరు, ఎందుకు, ఎప్పుడు ఆపారో రాసి చీటీ కట్టడం ట్యాగౌట్. చీటీ హెచ్చరిస్తుంది, తాళం అడ్డుకుంటుంది. చీటీ చిరుగుతుంది, నూనె పట్టి అక్షరాలు పోతాయి, రాత్రి షిఫ్టులో ఎవరికీ కనబడదు. అందుకే తాళం వేసే వీలున్నచోట చీటీతో సరిపెట్టడాన్ని నిబంధనలు ఇష్టపడవు.

అమెరికాలో ఓషా అనే కార్మిక భద్రతా సంస్థ దీనిపై 1989లో తెచ్చిన 1910.147 నిబంధన చాలామందికి కొలమానం. పుష్ బటన్లు, సెలెక్టర్ స్విచ్‌ల వంటి కంట్రోల్ సర్క్యూట్ పరికరాలను ఐసొలేషన్‌గా లెక్కించకూడదని అందులో స్పష్టంగా ఉంది. ఈ నిబంధన సరిగ్గా పాటిస్తే ఏడాదికి 120 దాకా మరణాలు, 50,000 గాయాలు తప్పుతాయని ఆ సంస్థ అంచనా. ఇంత పాతబడ్డా, అక్కడి తనిఖీల్లో ఎక్కువగా బయటపడే ఉల్లంఘనల మొదటి పదింటిలో ఇది ఏటా కనిపిస్తూనే ఉంటుంది.

కరెంటు తీసేశాక కూడా మిగిలేది

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. మెయిన్ ఆఫ్ చేశాం, తాళం వేశాం, ఇక యంత్రం ‘చచ్చింది’ అనుకుంటారు. లోపల దాచుకున్న శక్తి సంగతి గుర్తుండదు.

గాలితో మొదలుపెడదాం. ప్యాకింగ్ లైన్లో 100 మిల్లీమీటర్ల బోర్ (లోపలి వ్యాసం) ఉన్న, గాలితో నడిచే న్యూమాటిక్ సిలిండర్, 6 బార్ గాలి. పెద్ద యంత్రమేమీ కాదు. పిస్టన్ వైశాల్యం సుమారు 78.5 చదరపు సెంటీమీటర్లు. ఒక బార్ అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు కిలో బరువు కాబట్టి, మొత్తం తోపుడు దాదాపు 480 కిలోల బరువుకు సమానం. పెట్టె ఇరుక్కుని పిస్టన్ సగంలో ఆగింది. మెయిన్ గాలి వాల్వ్ మూశారు. కానీ సిలిండర్‌కూ దాని వాల్వ్‌కూ మధ్య చిక్కిన గాలి అక్కడే ఉండిపోవచ్చు. పెట్టెను లాగిన క్షణంలో ఆ 480 కిలోలకు అడ్డు తొలగుతుంది. మామూలు భాషలో దీన్నే ‘ఒక్కసారిగా స్టార్ట్ కావడం’ అంటున్నాం. కరెంటు లేదు, బటన్ ఎవరూ నొక్కలేదు.

బరువుకైతే ఏ సప్లై అక్కర్లేదు. 200 కిలోల ప్రెస్ ర్యామ్‌ను హైడ్రాలిక్ ఒత్తిడి మీటరున్నర ఎత్తులో పట్టుకుని ఉందనుకుందాం. ఒత్తిడి పూర్తిగా పోయి స్వేచ్ఛగా పడితే అది కిందికి చేరడానికి పట్టే సమయం దాదాపు 0.55 సెకన్లు. ఏదో జరుగుతోందని గ్రహించి మనిషి శరీరం కదలడం మొదలుపెట్టడానికే దాదాపు పావు సెకను పోతుంది. ఇక్కడ తమాషా ఏమిటంటే, పంపు ఆపి నూనె ఒత్తిడి వదిలేయడమే ప్రమాదాన్ని పుట్టించవచ్చు. అందుకే ముందు ఇనుప దిమ్మె గానీ లాకింగ్ పిన్ను గానీ అడ్డం పెట్టి, ఆ తర్వాతే ఒత్తిడి వదలాలి. ఒక శక్తిని తీసేస్తూ ఇంకోదాన్ని విడుదల చేస్తున్నామా అని చూసుకోకపోతే భద్రతా చర్యే ప్రమాదమవుతుంది.

మోటరు వేగాన్ని మార్చే డ్రైవ్‌లు, అంటే వీఎఫ్‌డీలు, ఇంకో రకం. 400 వోల్టుల త్రీ ఫేజ్ సప్లై ఇస్తే లోపలి కెపాసిటర్లు సుమారు 565 వోల్టుల డీసీ దగ్గర నిండుతాయి. మెయిన్ ఆపినా ఆ వోల్టేజి వెంటనే పోదు. మోడల్‌ను బట్టి ఐదు, పది, పదిహేను నిమిషాలు ఆగమని కవరు మీద రాసి ఉంటుంది. డిస్‌ప్లే ఆరిపోయింది కదా అని కవరు విప్పేవాళ్లు ఉన్నారు. డిస్‌ప్లే ఆరినంత మాత్రాన కెపాసిటర్లు ఖాళీ అయినట్టు కాదు. గడియారం చూసుకోవాలి, తర్వాత మీటరు పెట్టి కొలవాలి.

హైడ్రాలిక్ వ్యవస్థల్లో అక్యుములేటర్ అనే సీసాలో నైట్రోజన్ నూనెను నొక్కి పట్టుకుని ఉంటుంది, పంపు ఆగినా ఒత్తిడి అలాగే ఉంటుంది. ఆ లైన్లో సూదిమొనంత లీకుంటే నూనె చర్మంలోకి చొచ్చుకుపోతుంది. పైకి చీమ కుట్టినట్టు చిన్న మచ్చే కనిపిస్తుంది గానీ అది వెంటనే సర్జరీ అవసరమయ్యే గాయం. కనిపించని లీకును చేత్తో తడిమి వెతకొద్దని, అట్టముక్క వాడమని చెప్పేది ఇందుకే. ఆవిరి లైన్లలో ఒత్తిడి కింద ఉన్న వేడినీరు, ఫ్లాంజ్ వదులు చేయగానే కొంతమేర ఆవిరిగా మారుతుంది. నీరు ఆవిరైతే ఘనపరిమాణం దాదాపు 1600 రెట్లు పెరుగుతుంది.

ట్యాంకులు, రియాక్టర్ల లోపలికి దిగే పనిలో ప్రమాదానికి కదలికే అక్కర్లేదు. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. 19.5 కిందికి తగ్గితే లోటుగా పరిగణిస్తారు. శుభ్రం చేయడానికి నింపిన నైట్రోజన్ దాన్ని పది శాతం కిందికి నెట్టేస్తే మనిషికి ఊపిరాడనట్టు కూడా అనిపించకుండానే స్పృహ పోవచ్చు. నైట్రోజన్‌కు వాసన లేదు, రంగు లేదు. పడిపోయినవాణ్ని చూసి ఆత్రంగా దిగిన రెండో మనిషి కూడా పడిపోవడం ఇలాంటి ఘటనల్లో పదే పదే జరుగుతుంది.

తాళం వేశాక చేయాల్సిన పరీక్ష

పుస్తకాల్లో క్రమం ఇలా ఉంటుంది: ఏయే శక్తులున్నాయో ముందు రాసుకోవడం, అందరికీ చెప్పడం, యంత్రాన్ని ఆపడం, విడదీయడం, తాళం వేయడం, మిగిలిన శక్తిని వదలడం, చివరికి నిజంగా శక్తి లేదని రుజువు చేసుకోవడం. సమయం ఒత్తిడిలో ఎగిరిపోయేది ఎప్పుడూ ఆ చివరిదే.

అది ఎందుకు కావాలో ఒక ఉదాహరణ. 3ఏ, 3బీ అని రెండు కన్వేయర్లున్నాయి. మరమ్మతు 3ఏకి. ఎలక్ట్రీషియన్ ప్యానెల్ రూములో 3బీ ఫీడర్‌కు (సప్లై లైనుకు) తాళం వేశాడు. లేబుళ్లు పక్కపక్కనే ఉన్నాయి, లేదా ఎప్పుడో కేబుళ్లు మార్చినప్పుడు లేబుల్ మార్చలేదు. కాగితం మీద అంతా సక్రమమే. తాళం ఉంది, చీటీ ఉంది, సంతకాలున్నాయి. ఫిట్టర్ 3ఏ దగ్గరికొచ్చి, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, అక్కడి స్టార్ట్ బటన్ ఒకసారి నొక్కితే బెల్టు కదులుతుంది. తప్పు ఒక్క సెకనులో బయటపడుతుంది.

అయితే ఈ పరీక్షలో ఒక మోసం ఉంది. స్టార్ట్ నొక్కినా కదల్లేదంటే కరెంటు లేదనే అర్థం కాదు. గార్డు తీసి ఉండటం వల్లో, ముందున్న యంత్రం ఆగి ఉండటం వల్లో ఇంటర్‌లాక్ (షరతు తీరేదాకా యంత్రాన్ని కదలనివ్వని ఏర్పాటు) దాన్ని ఆపి ఉండవచ్చు. ఆ అడ్డు తొలగగానే తిరుగుతుంది. కాబట్టి విద్యుత్ పనికి బటన్ పరీక్ష ఒక్కటే చాలదు, టెర్మినల్స్ దగ్గర టెస్టర్‌తో చూడాలి. ఆ టెస్టర్ పనిచేస్తోందా? ముందు కరెంటున్న చోట పెట్టి చూడాలి, తర్వాత మన టెర్మినల్స్ మీద, మళ్లీ కరెంటున్న చోట. మధ్యలో బ్యాటరీ అయిపోయిన టెస్టర్ కూడా ‘కరెంటు లేదు’ అనే చూపిస్తుంది మరి.

ఒక మనిషి, ఒక తాళం, ఒక తాళంచెవి

ఫిట్టర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్, ఇద్దరు హెల్పర్లు కలిసి పనిచేస్తుంటే సూపర్‌వైజర్ వేసిన ఒక్క తాళం సరిపోదా? సరిపోదనడానికి కారణం సూపర్‌వైజర్ మీద అపనమ్మకం కాదు. పని అయిపోయిందనుకుని ఆయన తాళం తీసేసరికి ఒక హెల్పర్ మర్చిపోయిన స్పానర్ కోసం మళ్లీ లోపలికి వెళ్లి ఉండవచ్చు. ప్రతి మనిషికీ సొంత తాళం ఉంటే, అతను బయటికొచ్చి తీస్తే తప్ప యంత్రానికి శక్తి రాదు. ఒక హ్యాండిల్‌కు చాలా తాళాలు పట్టేలా చిల్లులున్న హాస్ప్ అనే క్లిప్పు వాడతారు.

పెద్ద షట్‌డౌన్‌లో ఒక యంత్రానికి ముప్పై ఐసొలేషన్ పాయింట్లు, ఎనభై మంది మనుషులు ఉండవచ్చు. ఎనభై మందీ ముప్పై చోట్లా తాళం వేయాలంటే 2,400 తాళాలు. అందుకే ముప్పై పాయింట్లకూ ముప్పై తాళాలు వేసి, వాటి చెవులన్నీ ఒక పెట్టెలో పెట్టి, ఆ పెట్టెకు ఎనభై మంది తలా ఒక తాళం వేస్తారు. లెక్క 110కి దిగుతుంది. ఒక్కరి తాళం ఉన్నా పెట్టె తెరుచుకోదు. కాంట్రాక్టు కార్మికులకు తాళాలివ్వకుండా వాళ్ల తరఫున కంపెనీ మనిషి ఒకటి వేయడం చాలాచోట్ల చూస్తాం. నా దృష్టిలో ఈ పద్ధతికి గండి కొట్టేది అదే. యంత్రంలోకి దిగింది ఎవరో, చెవి వాళ్ల జేబులో లేదు.

పర్మిట్ ఉన్నా జరిగిన విషాదం

తాళం చెప్పలేని విషయాలను కాగితం చెప్పాలి. ఏ పని, ఎక్కడ, ఏ జాగ్రత్తలతో, ఎప్పటిదాకా అన్నది రాసి, యంత్రం బాధ్యత ఉన్నవాళ్లూ పని చేసేవాళ్లూ సంతకం చేసేదే వర్క్ పర్మిట్. దాని బలహీనత తెలియాలంటే 1988 జూలై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదికపై జరిగింది చూడాలి.

అక్కడ ‘ఏ’, ‘బీ’ అని రెండు కండెన్సేట్ (గ్యాస్ నుంచి వేరుపడే తేలికపాటి ద్రవ ఇంధనం) పంపులుండేవి. ‘ఏ’ పంపుకు సంబంధించిన సేఫ్టీ వాల్వ్‌ను పగలు మరమ్మతుకు విప్పి, ఖాళీ అయిన చోట తాత్కాలికంగా బ్లైండ్ ఫ్లాంజ్ బిగించారు. సాయంత్రానికి వాల్వ్ తిరిగి పెట్టలేకపోయారు. అదే పంపుకు వేరే ఓవర్‌హాల్ పర్మిట్ కూడా ఉంది, ఆ పని ఇంకా మొదలు కాలేదు. రాత్రి బీ పంపు ఆగిపోయి మళ్లీ స్టార్ట్ కాలేదు. ‘ఏ’ పంపు ఓవర్‌హాల్ మొదలే కాలేదు కాబట్టి దాన్ని నడపవచ్చని రాత్రి షిఫ్టు వాళ్లు అనుకున్నారు. వాల్వ్ పర్మిట్ సంగతి వాళ్లకు అందలేదు. పంపు నడపగానే ఆ ఫ్లాంజ్ దగ్గర లీకై పేలుడు మొదలైందనేదే లార్డ్ కల్లెన్ విచారణ తేల్చిన అత్యంత సంభావ్య కారణం. 167 మంది చనిపోయారు. 1990లో వచ్చిన ఆ నివేదిక 106 సిఫార్సులు చేసింది.

ఇక్కడ పర్మిట్ లేకపోవడం సమస్య కాదు. ఒకే యంత్రానికి రెండు పర్మిట్లున్నాయి, వాటికి ఒకదానితో ఒకటి సంబంధం లేదు, షిఫ్టు మారేటప్పుడు ఒకదాని మాట రాలేదు. పంపు స్విచ్ దగ్గర తాళం ఉండి, దాని చెవి వాల్వ్ పని చేసినవాళ్ల దగ్గరే ఉండి ఉంటే కాగితం తప్పిపోయినా పంపు తిరిగేది కాదు.

ప్రతి చిన్న జామ్‌కూ తాళమా?

నిపుణులు నిజంగా తగువులాడుకునేది దీని మీద. ఒక ప్యాకింగ్ యంత్రం షిఫ్టులో 20 సార్లు జామ్ అవుతుంది. పూర్తి లాకౌట్, మళ్లీ స్టార్ట్ కలిపి ఆరు నిమిషాలు. మొత్తం 120 నిమిషాలు, అంటే 480 నిమిషాల షిఫ్టులో పావు వంతు. ఏ ఆపరేటరూ అలా చేయడు. గార్డు కొంచెం పక్కకు జరిపి వేళ్లతో లాగేస్తాడు. పాటించలేని నిబంధన కాగితం మీద రక్షణగా ఉండి, కర్మాగారంలో చాటుమాటు పనిగా మారుతుంది.

అమెరికా నిబంధనలోనే దీనికి ఒక మినహాయింపు ఉంది. ఉత్పత్తి మధ్యలో రోజూ, పదే పదే చేసే, ఉత్పత్తిలో భాగమైన చిన్న సర్దుబాట్లకు సమర్థమైన వేరే రక్షణ ఉంటే పూర్తి లాకౌట్ అక్కర్లేదు. ఆ ‘సమర్థమైన’ అన్న మాట దగ్గరే తగాదా. అక్కడి పారిశ్రామిక ప్రమాణం జెడ్244.1 తన 2016 కూర్పులో, ప్రమాద అంచనా వేసుకుని ప్రత్యామ్నాయ పద్ధతులు వాడటానికి చోటు పెంచింది. 2019లో ఓషా కూడా ఆధునిక కంట్రోల్ సర్క్యూట్ పరికరాలను అంగీకరించాలా అని అభిప్రాయాలు అడిగింది.

అనుకూలంగా చెప్పేవాళ్ల వాదన తేలిగ్గా కొట్టేయలేం. యంత్రాల కంట్రోల్ వ్యవస్థల భద్రతకు సంబంధించిన ఐఎస్ఓ 13849 ప్రమాణంలో అత్యున్నత స్థాయి భద్రతా సర్క్యూట్ ప్రమాదకరంగా విఫలమయ్యే అవకాశం గంటకు కోటిలో ఒకటి కన్నా తక్కువ. నిరంతరం నడిచే యంత్రానికి కోటి గంటలంటే దాదాపు 1,140 ఏళ్లు. 1989 నాటి రిలేలను (పాతకాలపు కంట్రోల్ స్విచ్‌లను) చూసి రాసిన మాటను వీటికి అతికించడం అన్యాయమంటారు వాళ్లు.

ఎదుటివాళ్లు ఆ అంకె తప్పనరు, దాని షరతులు గుర్తు చేస్తారు. డిజైన్ ప్రకారం వైరింగ్ ఉండాలి, పరీక్షలు జరుగుతుండాలి, తలుపు మూసినట్టు భ్రమపెట్టడానికి స్విచ్‌కు ఎవరూ అయస్కాంతం అంటించి ఉండకూడదు. పైగా తలుపు మూసుకుందని స్విచ్‌కు తెలుస్తుంది గానీ లోపల మనిషున్నాడని తెలియదు. రోబో సెల్ లోపల ఒకడు వంగి పనిచేస్తుంటే, ఇంకొకడు తలుపు వేసి రీసెట్ నొక్కవచ్చు. మూడో వర్గం ప్రశ్ననే మార్చేస్తుంది: షిఫ్టుకు 20 జామ్‌లు ఎందుకవుతున్నాయి? గైడ్ రైలు సరిచేసి వాటిని రెండుకు దించితే లాకౌట్‌కు పోయేది 12 నిమిషాలు. అప్పుడు గొడవే ఉండదు.

నా లెక్కలో గీత గీయాల్సింది పని చిన్నదా పెద్దదా అన్నచోట కాదు, ఒంట్లో ఎంత భాగం లోపలికి పోతుందన్నచోట. తలుపు తెరిచి, బయట నిలబడి, చెయ్యి చాపి పెట్టె తీసే పనికి మంచి ఇంటర్‌లాక్ సరిపోవచ్చు. మనిషి మొత్తం లోపలికి నడిచి వెళ్లే చోట తన చేతిలో ఒక చెవి ఉండాల్సిందే. యంత్రాన్ని ఆపి తీసిన తాళంచెవితో తప్ప తలుపు తెరుచుకోని, ఆ చెవి తిరిగి వస్తే తప్ప యంత్రం నడవని ట్రాప్డ్ కీ పద్ధతి ఇలాంటి చోట్లకే పుట్టింది.

నడిపితే తప్ప తెలియని లోపాలు

బేరింగ్ చప్పుడు వినాలన్నా, బెల్టు పక్కకు జరుగుతోందా అని చూడాలన్నా యంత్రం తిరుగుతుండాలి. తాళం సిద్ధాంతం ఇక్కడ పనికిరాదు. నెమ్మది వేగంలో, చేతిలో బటన్ నొక్కి పట్టుకున్నంతసేపే కదిలి, వదిలితే ఆగే కంట్రోల్‌తో చూస్తారు. చూసి ఆపి, సర్దుబాటుకు మళ్లీ పూర్తిగా తాళాలు వేయాలి. ఐదుసార్లు చూసి సర్దాలంటే ఐదుసార్లూ వేయాలి. మూడోసారికి “ఇంకొక్క నిమిషమే కదా” అనే మాట వస్తుంది. అనుభవమున్నవాళ్లకే ఎక్కువ వస్తుంది.

తాళం వేసి ఇంటికి వెళ్లిపోయినవాడు

పని అయిపోయింది, పెట్టె మీద ఒక్క తాళం మిగిలింది, దాని యజమాని షిఫ్టు దిగి వెళ్లిపోయాడు, ఉత్పత్తి ఆగి ఉంది. బోల్ట్ కట్టర్ తెచ్చి కోసేయడం రెండు నిమిషాల పని. ఓషా నిబంధన దీనికి మూడు షరతులు పెట్టింది. అతను ప్లాంటులో లేడని రూఢి చేసుకోవాలి. అతనికి ఎలాగైనా కబురందించే ప్రయత్నం చేయాలి. మళ్లీ డ్యూటీకి వచ్చినప్పుడు, పని మొదలుపెట్టకముందే, నీ తాళం తీసేశామని అతనికి తెలియజేయాలి.

మొదటి రెండింటికీ కారణం ఎవరికైనా తోస్తుంది. మూడోదే వింతగా కనిపిస్తుంది. తాళం పోయింది, యంత్రం నడుస్తోంది, ఇక చెప్పడానికేముంది? మర్నాడు పొద్దున అతను వచ్చేసరికి యంత్రం వేరే కారణంతో ఆగి ఉందనుకోండి. నిన్న తను వేసిన తాళం ఇంకా ఉందనే ధీమాతో, సగంలో వదిలిన పని అందుకోవడానికి నేరుగా వచ్చి గార్డు విప్పి చెయ్యి లోపల పెడతాడు.